మందు ముట్టనివాడి లివరు

నేను ఒక్క చుక్క మందు తాగి ఎరగను. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా చెబుతున్నాను గానీ, రెండేళ్ల కిందట వేసవిలో ఒక వారం రోజులపాటు మా ఇంట్లో దీన్ని నమ్మినవాళ్లు లేరు.

మా నాన్న తాగేవాడు. తాత కాలంలోనే ఇచ్ఛాపురం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన కుటుంబం మాది. నాన్న ఒక వర్క్‌షాపులో బరువులకు తాళ్లు కట్టి ఎత్తించే పని చేసేవాడు. చెడ్డవాడు కాదు. ఆదివారం పూట సాక్చి బజారు నుంచి చేపలు తెచ్చి, అమ్మను కూర్చోమని, తనే తోమి ముక్కలు కోసేవాడు. తాగినా ఎవరినీ కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయేవాడు. అలా తాగి తాగి, నాకు పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆయన కళ్లు పచ్చబడ్డాయి, కడుపు కుండలా ఉబ్బింది. ఆసుపత్రి వరండాలో డాక్టరు అమ్మతో "లివర్ ఖతమ్ హో గయా" అన్నాడు, లివరు పూర్తిగా పోయిందని. అమ్మకు అక్షరం ముక్క రాదు. వైద్యానికి సంబంధించి ఆవిడ నేర్చుకున్న మొదటి ఇంగ్లిషు మాట ఆ లివరే.

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నా నెత్తి మీద సెయ్యెట్టు. సుక్క ముట్టనని ఒట్టెయ్యి."

వేశాను. ఆ ఒట్టు నిలబెట్టుకోవడం నాకు పెద్ద కష్టమనిపించలేదు. మందు స్థానంలోకి ఇంకోటి వచ్చి కూర్చుంది. కూల్‌డ్రింకు.

ఇరవై రెండో ఏట ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ ఆపరేటరుగా చేరాను. రోడ్డు మీద తిరిగే క్రేన్ కాదు. పెద్ద షెడ్డులో, కప్పు కింద, పట్టాల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. దాని కింద వేలాడే చిన్న కేబిన్‌లో మేం కూర్చుంటాం. కింద కాలిన ఇనుము, పైన ఎండకు కాగిన రేకులు. కింది వేడంతా ఎక్కడికీ పోలేక మా దగ్గరికే వస్తుంది. నీళ్లెన్ని తాగినా గొంతు తడిసినట్టుండదు. నారింజరంగు డ్రింకు చల్లగా రెండు గుటకలు పడితే మాత్రం ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఫ్యాక్టరీ గేటు దగ్గరి కొట్టతను నన్ను చూడగానే, అడక్కుండానే, సీసా తీసి బల్ల మీద పెట్టేవాడు. షిఫ్టులో అదొకటి. బారిడీహ్‌లో ఇంటికి చేరాక ఇంకోటి.

ఆ ఇంకోటి అమ్మ బాధ్యత. నేను బండి స్టాండు వేసే చప్పుడు వినబడగానే ఫ్రిజ్ తెరిచి, పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసి గుమ్మంలోకి వచ్చేది. ఆవిడకదో గర్వం. వీధిలో కొందరి కొడుకులు డ్యూటీ దిగి తూలుకుంటూ వస్తుంటే, తన కొడుకు తిన్నగా వచ్చి తన చేతి గ్లాసు అందుకుంటాడు. పెళ్లిళ్లలో మగాళ్లందరూ షామియానా వెనక్కి జారుకునేవేళ, నేను ఆడవాళ్ల మధ్య కుర్చీలో సీసా పట్టుకుని కూర్చునేవాణ్ని. "మా వోడు కూల్‌డ్రింకు తప్ప ఇంకోటి ముట్టడు" అని అమ్మ నాలుగు వరసల అవతలివాళ్లకు వినబడేలా చెప్పేది.

ఇలా ఇరవై ఏళ్లకు పైగా గడిచింది. బెల్టుకు కొత్త బెజ్జాలు పడ్డాయి. అన్నం తినగానే కళ్లు మూతలు పడేవి. కేబిన్ నిచ్చెన ఎక్కితే పైమెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను.

గేట్‌పాస్ మళ్లీ రాయించుకోవాలంటే మాకు మెడికల్ పరీక్ష చేయిస్తారు. కళ్లు, చెవులు, బీపీ, రక్తం అన్నీ చూస్తారు. ఆ ఏడు నా రక్తంలో ఏదో తేడా కనబడిందని కడుపు స్కానింగ్ కూడా తీయించారు. ఆ కాగితాలు చూసిన డాక్టరు తలెత్తకుండానే అడిగాడు. "కబ్‌సే పీతే హో?"

ఎప్పటినుంచి తాగుతున్నావని.

"నేను తాగను సార్. ఎప్పుడూ తాగలేదు."

ఆయన రాయడం ఆపలేదు. కొంచెం నవ్వాడు. "సబ్ యహీ బోల్తే హై" అన్నాడు. అందరూ చెప్పేది ఇదేనట. బయట ఇంకా ముప్ఫై మంది వరసలో ఉన్నారు. ఆయన తప్పేమీ లేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం చెవులు కాలిపోయాయి. మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోవాలన్నాడు. అప్పటివరకు పని చేసుకోవచ్చన్నాడు. కాగితం నా చేతికిచ్చి తర్వాతివాణ్ని పిలిచాడు.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని టీవీ పక్కన పెట్టి స్నానానికెళ్లాను. అదే నేను చేసిన పొరపాటు. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. ఇంట్లో మేం తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబిస్తుంది, కనబడ్డ ప్రతి కాగితమూ పైకి చదువుతుంది. నేను తల తుడుచుకుంటూ బయటకొచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఉంది. నా భార్య వంటింటి గడపలో నిలబడి ఉంది. అమ్మాయి చేతిలో కాగితం.

"పాపా, ఫ్యాటీ లివర్ లిఖా హై. ఔర్ నీచే... స్టాప్ ఆల్కహాల్." లివరుకు కొవ్వు పట్టిందని, కింద మందు మానమని రాసి ఉందట.

అమ్మకు అర్థం కాని మాటలు ఎన్నో ఉన్నాయి ఆ కాగితంలో. అర్థమైనది ఒకటే.

"లివరా?" అంది.

"అమ్మా, అది అలా కాదు..."

"నా నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టేసినావు." గొంతు పెంచలేదు. "మీ నానకి కూడా ముందు లివరే అన్నారు."

"నేను తాగలేదమ్మా. డాక్టరు అందరికీ రాసినట్టే రాశాడు."

"తాగనోడికి తాగొద్దని ఎందుకు రాత్తారు?"

నిజం చెప్పాలంటే నాకూ ఆశ్చర్యంగానే ఉంది. తాగనివాడి లివరు ఎందుకు చెడుతుంది?

ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. నా భార్య ఉతకడానికి తీసిన నా చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకోవడం చూశాను. నేను చూశానని తెలిసి చటుక్కున బకెట్లో వేసేసింది.

"ఏటండీ, ఏదైనా ఉంటే నాకు సెప్పండి. నేను అత్తకి సెప్పనులే" అంది మెల్లగా.

"చెప్పడానికి ఏమీ లేదు."

"సరే" అంది. కానీ ఆ సరేలో నమ్మకం లేదు. పదిహేడేళ్ల కాపురంలో నేను ఆవిడ దగ్గర అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

మూడో రోజు సిద్ధగోరా నుంచి మా బావ వచ్చాడు. నా భార్యకు అన్న. మనసున్నవాడు, కొంచెం మాటకారి. నన్ను వీధి చివరకు నడిపించుకెళ్లి భుజం మీద చెయ్యేశాడు.

"బావా, మగాడన్నాక కుసింత పుచ్చుకుంటాడు. నేనూ పండక్కీ పబ్బానికీ పుచ్చుకుంటా. దాంట్లో తప్పు నేదు. దాయడం తప్పు."

"బావా, నేను తాగలేదు."

"అదే అంటన్నా. నా దగ్గర కూడా దాత్తావేటి?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నిజంగా తాగినవాడైతే ఈపాటికి ఒప్పేసుకుని క్షమాపణ చెప్పి గండం గడిపేసేవాడు. తాగనివాడికి ఆ దారి కూడా లేదు.

అమ్మ ఊరుకోలేదు. నేను డ్యూటీలో ఉండగా ఆటో ఎక్కి గేటు దగ్గరి కొట్టుకు వెళ్లిందట. ఆ సంగతి నాకు మర్నాడు కొట్టతనే చెప్పాడు. "మాతాజీ వచ్చారు. మీరు నా దగ్గర సాయంత్రం ఏం తాగుతారని అడిగారు. ఠండా అన్నాను. దాంట్లో ఏమైనా కలుపుతావా అని అడిగారు. నేను దండం పెట్టాను." ఠండా అంటే ఇక్కడ కూల్‌డ్రింకు.

అదే రోజు అమ్మ నాతో మాట్లాడింది. "నన్ను డాట్రు కాడికి తీస్కెల్లు. నువ్వు అడగడం కాదు, నేనే అడగాల" అంది.

మెడికల్ పరీక్ష చేసిన డాక్టరు దగ్గరికి మళ్లీ పోవడం నాకిష్టం లేదు. సాక్చిలో ఒక లేడీ డాక్టరు ఉందని, నిదానంగా వింటుందని పక్కింటావిడ చెప్పింది. పక్కింటావిడది బీహార్. వాళ్లాయన షుగరుకు అక్కడే చూపించుకుంటాడు. శనివారం పొద్దున అమ్మా, నేనూ వెళ్లాం. అమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. కోర్టుకు వెళ్తున్నట్టుంది ఆవిడ వాలకం.

డాక్టరు నాకంటే చిన్నది. మేం కూర్చోగానే, నేను నోరు తెరవకముందే, అమ్మ తన హిందీలో అడిగేసింది. "మేరా బేటా దారూ పీతా హై క్యా? సచ్ బోలో." నా కొడుకు మందు తాగుతాడా, నిజం చెప్పు అని.

డాక్టరమ్మ ముందు బిత్తరపోయింది. తర్వాత కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే చూసింది. నా చేతులు చూసింది, మెడ వెనక నల్లబడ్డ చర్మం చూసింది, టేపుతో నడుం కొలిచింది. చివరికి హిందీలోనే, అమ్మకు అర్థమయ్యేలా ఆగి ఆగి చెప్పింది.

"కాగితం చూసి తాగాడో లేదో నేను చెప్పలేను అమ్మా. కానీ మందు తాగని వాళ్లకు కూడా లివరులో కొవ్వు పేరుకుంటుంది. నా దగ్గరికి అలాంటివాళ్లు రోజూ వస్తారు. మీ అబ్బాయి పొద్దున లేచింది మొదలు ఏం తాగుతాడో చెప్పండి."

"నన్ను చెప్పనివ్వండి" అన్నాను. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. ఇది ఆవిడకు తెలిసిన విషయం. తన కొడుకు మంచితనానికి సాక్ష్యం చెప్పే అవకాశం.

పొద్దున లేవగానే టీ, మూడు చెంచాల చక్కెరతో. డ్యూటీకి బయల్దేరేముందు ఇంకో టీ. షిఫ్టులో ఠండా, పెద్ద సీసా. ఇంటికి రాగానే తను పోసి ఇచ్చే గ్లాసు. అది చాలకపోతే ఇంకో గ్లాసు. ఆదివారం మాంసం కూరతో కూడా అదే. ఎండాకాలమైతే మామిడిపండు డ్రింకు. అమ్మ వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. "నేనే దగ్గరుండి పోత్తాను. బయట ఏటీ ముట్టడు" అన్న మాట మాత్రం తెలుగులో చెప్పింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"అమ్మా, తీపి తిండిలో ఉంటే నమిలి తింటాం, కాస్త ఆగుతాం, కడుపు నిండినట్టుంటుంది. నీళ్లలో కలిపి తాగితే గబగబా లోపలికి పోతుంది, కడుపు నిండినట్టే తెలియదు. అంత చక్కెర ఒక్కసారి వస్తే లివరు ఏం చేస్తుంది? కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. రోజూ వస్తే రోజూ దాస్తుంది. కొంతకాలానికి రక్తంలో చక్కెర పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, గుండెకూ మంచిది కాదు. ఈయనకు షుగరు ఇంకా రాలేదు. గుమ్మంలో నిలబడి ఉంది."

అమ్మ వేళ్లు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.

"అయితే మందు వల్ల కాదా?"

"ఇదంతా తాగే మనిషికి మందు అవసరం లేదమ్మా" అంది డాక్టరమ్మ. వెంటనే ఆ మాట గట్టిగా తగిలిందని గ్రహించినట్టుంది. ముందుకు వంగి అమ్మ చెయ్యి పట్టుకుంది. "భయపడకండి. ఇప్పుడే పట్టుబడింది. ఆ సీసాలు మానేసి, బరువు కాస్త తగ్గి, రోజూ నడిస్తే లివరు చాలావరకు కోలుకుంటుంది. మీ ఆయనకు ఆ అవకాశం దొరకలేదేమో. ఈయనకు ఉంది."

నాన్న సంగతి నేను ఆవిడకు చెప్పలేదు. బొట్టు లేని అమ్మ ముఖమూ, ఆవిడ మందు గురించి అడిగిన తీరూ చూసి ఊహించి ఉంటుంది.

బయట సాక్చి బజారు ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. ఆటో ఎక్కాం. ఇల్లు దగ్గరపడుతుండగా అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా సేత్తోనే పోసినాను. ఇన్నేళ్లూ."

"నీకేం తెలుసమ్మా. నాకూ తెలీదు."

"అమ్మని గదా. నాకు తెలియాల."

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం రోజులుగా నన్ను నిందించినందుకు నాకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. "నువ్వు ఒట్టు వేయించుకోకపోతే నేనూ నాన్న దారిలోనే పోయేవాణ్నేమో. అది ఆపావు. ఇది కూడా ఆపుదాం" అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆటో ఆగే దాకా వదల్లేదు.

ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని కోడల్ని పిలిచి, "ఆడు తాగలేదే. నేనే తాగించినాను" అని చెప్పడం. నా భార్య నావైపు చూసింది. ఆ చూపులో ఉన్న సిగ్గును నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. "చొక్కా వాసన చూశావు కదా, ఏం వచ్చింది?" అని అడిగాను. "గ్రీజు" అంది. ఇద్దరం నవ్వాం. అమ్మాయికి ఏం అర్థమైందో గానీ తనూ నవ్వింది.

ఆ సాయంత్రమే నా భార్య వంటింట్లో నిలబడి చుట్టూ చూసింది. కందిపప్పు, మినప్పప్పు, నూనె, ఫినాయిలు, ఫ్రిజ్‌లో నీళ్లు, కిటికీలో మనీప్లాంటు, అన్నీ కూల్‌డ్రింకు సీసాల్లోనే ఉన్నాయి. "ఓలమ్మో, ఇవన్నీ మీ పొట్టలోకి ఎల్లినవేనా?" అంది. పారేసినవి ఇంకెన్నో కదా అన్నాను.

మానడం అనుకున్నంత తేలిక కాదు. మొదటి వారం మధ్యాహ్నం రెండయ్యేసరికి తలనొప్పి వచ్చేది. కేబిన్‌లో చేతులు క్రేన్ నడిపే పిడుల మీద ఉన్నా మనసు గేటు దగ్గరి ఫ్రిజ్ మీద ఉండేది. కిందనుంచి సైగలు చేసే మనిషి మీద అనవసరంగా విసుక్కున్నాను. టీలో చక్కెర మూడు చెంచాల నుంచి ఒకటికి, ఒకటి నుంచి అరకు తగ్గించడానికి రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి, బయట నిప్పులు కురుస్తున్న రోజు, తర్వాతి షిఫ్టు మనిషి రాలేదని వరసగా రెండు షిఫ్టులు చేశాను. దిగి వచ్చి కొట్టు దగ్గర నిలబడి ఒక సీసా మొత్తం తాగేశాను. తాగుతున్నంతసేపూ బాగుంది. ఇంటికెళ్లి నా భార్యకు చెప్పేశాను. "పోన్లెండి, రేపు మళ్లీ మొదలెట్టండి" అంది. దాచుకోవాల్సిన అవసరం లేకపోవడం ఎంత సుఖమో ఆ రోజు తెలిసింది.

అమ్మ మాత్రం పంతం పట్టింది. చిన్నప్పుడు వాళ్లమ్మ పొలానికి పట్టుకెళ్లే చోడి అంబలి గుర్తు చేసుకుంది. చోళ్లంటే రాగులు. ఇక్కడ దొరకవేమోనని దిగులుపడింది. తీరా చూస్తే సాక్చి బజారు చివర నేల మీద కూర్చుని అమ్ముకునే ఊరి ఆడవాళ్ల దగ్గర గోనెల్లో ఉన్నాయి. వాళ్లు మడువా అంటారు. "ఇన్నేళ్లు ఈటి పక్కనుంచే నడిసినాను" అని అమ్మ చెప్పి చెప్పి ఆశ్చర్యపోయింది. రాత్రి పిండి నానబెట్టి, పొద్దున కాస్త నూకలతో కాచి, చల్లారాక మజ్జిగ పోసి, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి స్టీలు క్యానులో పోసిచ్చేది. అదైనా చెంబులకు చెంబులు తాగొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి గ్లాసు కొలత పెట్టింది. మిగతా దాహానికి నీళ్లు. కేబిన్‌లో మొదటిసారి మూత తీస్తే ఉల్లిపాయ వాసన గుప్పుమంది. రెండు గుటకలు తాగాను. గొంతు నిజంగానే తడిసింది.

సాయంత్రాలు నేనూ నా భార్యా నడవడం మొదలుపెట్టాం. మొదట్లో వీధిలో వాళ్లు ఎక్కడికి వెళ్తున్నారని అడిగేవాళ్లు. ఎక్కడికీ కాదంటే వింతగా చూసేవాళ్లు. పెళ్లయిన ఇన్నేళ్లలో మేం ఎక్కడికీ కాకుండా కలిసి నడిచిందే లేదు. ఆవిడకు అన్ని కబుర్లున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

బావకు సంగతి తెలిసి ఒక ఆదివారం వచ్చాడు. గుమ్మంలోనే చేతులు జోడించాడు. "తప్పయిపోనాది బావా. అనవసరంగా అనేసినాను." వాళ్లింట్లో కూడా ఫ్రిజ్ నిండా అవే సీసాలు. మా మాట మీద తనూ రక్తపరీక్ష చేయించుకుంటే షుగరు గుమ్మంలో కాదు, అప్పటికే ఇంట్లోకొచ్చి కూర్చుంది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు. చెల్లెలి మీద కోపం నటిస్తూ, "మీరు పరీక్ష అనకపోతే నేను బాగానే ఉండేవోణ్ని గదా" అంటాడు. కానీ వేళకు వేసుకుంటాడు.

మూడు నెలలకు గేట్‌పాస్ డాక్టరు నా రక్తం కాగితం చూసి, "దారూ ఛోడ్ దియా? బహుత్ అచ్ఛా" అన్నాడు. మందు మానేశావా, చాలా మంచిదని. వాదించబోయి ఆగాను. తర్వాత అనిపించింది, నా తర్వాత వచ్చేవాడు కూడా నాలాంటివాడే కావచ్చు కదా అని. వెనక్కి తిరిగి, "సార్, నేను మానింది ఠండా. వచ్చేవాళ్లను అది కూడా అడగండి" అన్నాను. ఆయన ఈసారి తలెత్తి చూశాడు. "అచ్ఛా?" అన్నాడు. కాగితం మూల ఏదో రాసుకున్నాడు.

ఏడాది తర్వాత తీసిన స్కానింగులో లివరులో కొవ్వు ఒక మెట్టు తగ్గింది. రక్తంలో చక్కెర హద్దు లోపలికి వచ్చింది. ధీమాగా ఉండొద్దని డాక్టరమ్మ మందలించింది. ఉండను. నిచ్చెన పైమెట్టు దగ్గర ఇప్పుడు ఆగనక్కర్లేదు. నాకు అది చాలు.

ఇప్పుడు మా వరండాలో పొద్దున్నే ఒక తగువు నడుస్తోంది. పక్కింటి బీహార్ ఆవిడ, ఎండకు సత్తుకు మించింది లేదంటుంది. వేయించిన శనగల పిండిని నీళ్లలో కలిపి, ఉప్పూ నిమ్మకాయా పిండి తెస్తుంది. అమ్మ ఒక గుక్క తాగి, బాగానే ఉంది గానీ చోడి ముందు ఏటీ కాదంటుంది. ఒకరి హిందీ ఇంకొకరికి సగమే అర్థమవుతుంది. అయినా గంటసేపు వాదించుకుంటారు. తీర్పు చెప్పమని ఇద్దరూ నా చేతిలో చెరో గ్లాసు పెడతారు. నేను రెండింట్లోంచీ కాస్త కాస్త తాగి, ఏదీ తేల్చకుండా, బండి తీసి డ్యూటీకి వెళ్లిపోతాను.